స్విఫ్ట్ పెట్రోల్ బండి స్లోలో వణుకుతోంది, ఏసీ వేస్తే ఆగిపోతోంది: ఇంజన్ విప్పాల్సిందేనా?

మిర్యాలగూడ నుంచి ఒక సోదరుడు అడిగారు. బండి 2014 స్విఫ్ట్ పెట్రోల్, తొంభై వేల కిలోమీటర్లు దాటింది. రోడ్డు మీద పోతున్నంతసేపు మంచిగానే గుంజుతుంది. రైల్వే గేటు దగ్గరో సిగ్నల్ దగ్గరో ఆగితే, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ స్లోలో తిరుగుతున్నప్పుడు, స్టీరింగ్, సీటు వణుకుతాయి. ఏసీ వేస్తే ఆర్‌పీఎం ముల్లు ఆరు వందలకు పడిపోయి ఒక్కోసారి ఇంజనే ఆగిపోతుంది. చెక్ లైటు మాత్రం వెలగడం లేదు. ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు, తేడా రాలేదు. ఇప్పుడు "ఇంజన్ పని పడ్డది, విప్పాలి" అంటున్నారట. విప్పించాలా, వద్దా?

ఇప్పుడే విప్పించకండి. మీరు చెప్పిన లక్షణాలకు నేనైతే ముందు థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వదిలే మూత ఉండే భాగం) చూస్తాను. ఆ తర్వాత గాలి పైపులు, ఏసీ కండెన్సర్ ఫ్యాను, ఇంజన్ ఫౌండేషన్లు (ఇంజన్‌ను మోసే రబ్బర్లు). మీ జబ్బు వీటిలోనే దొరికే అవకాశం ఎక్కువ. సిలిండర్‌లో గాలి ఎంత నొక్కుకుంటోందో కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి, నాలుగు సిలిండర్ల అంకెలు కాగితం మీద రాసి చూపించేదాకా ఇంజన్ విప్పే మాటకు ఒప్పుకోవద్దు. చెవితో విని "కంప్రెషన్ పోయింది" అని చెప్పేవాళ్లు ఉంటారు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ గేజ్ పెట్టడానికి గంట కూడా పట్టదు, ఇంజన్ పైభాగమైన హెడ్ విప్పితే మాత్రం వేలల్లో ఖర్చు.

నాది నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు చిన్న షెడ్డు. కార్బొరేటర్ ఉన్న మారుతి 800ల కాలం నుంచి ఈ పని చేస్తున్నా. అప్పట్లో స్లో ఆడకపోతే స్క్రూడ్రైవరుతో ఒక స్క్రూ తిప్పి సరిచేసేవాళ్లం. ఇప్పుడు స్లోను కంప్యూటర్ చూసుకుంటుంది, మనం తిప్పేదేమీ లేదు. అది సరిగా చూసుకోలేకపోతోందంటే ఎక్కడో గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, కంప్రెషన్ ఈ నాలుగింటిలో ఒకటి తేడా కొట్టింది. లేకపోతే ఇంజన్ మంచిగానే తిరుగుతోంది, ఆ కదలికను ఆపాల్సిన రబ్బర్లు చచ్చిపోయాయి.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది: మీ బండి మిస్సింగ్ కొడుతోందా, ఉట్టిగా వణుకుతోందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు, మందులూ వేరు. బండి బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ గుంజి, ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపి ముల్లు చూడండి. ఇలాంటి నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్లకు మామూలుగా 700 నుంచి 850 మధ్య ఒకచోట నిలబడాలి. ముల్లు కదలకుండా నిలబడి, స్టీరింగ్ మాత్రం గజగజలాడుతుంటే అనుమానం ఫౌండేషన్ల మీద. ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే గాలి లెక్క తప్పుతోంది. ముల్లు కొంచెం కొంచెం తుళ్లుతూ, వెనక సైలెన్సర్ దగ్గర శబ్దం ఒక వరుసలో రాకుండా మధ్యమధ్యలో తెగుతుంటే అది మిస్సింగ్. ఏదో ఒక సిలిండర్ పని చేయడం లేదు.

సైలెన్సర్ మూతికి కొంచెం ఎడంగా ఒక కాగితం పట్టుకుని చూడండి. పొగ ఒకే ఒత్తిడితో తోస్తే కాగితం సమంగా ఊగుతుంది. మిస్సింగ్ ఉంటే పడుతూ లేస్తూ ఉంటుంది. అప్పుడప్పుడు కాగితం లోపలికి గుంజినట్టు అయితే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదేమోనని అనుమానించాలి. చెయ్యి కాలుతుంది, జాగ్రత్త. ఈ పరీక్షలన్నీ ఆరుబయటే చేయండి. షట్టర్ వేసిన గదిలో ఇంజన్ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి కూర్చున్నచోటే ప్రాణం పోతుంది. మెడలో తువ్వాలు, చున్నీ ఉంటే తీసి పక్కన పెట్టండి. బెల్టులో పడితే అరక్షణం కూడా పట్టదు.

ఇక థ్రాటిల్ బాడీ. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్‌కు గాలి పోయేది వెంట్రుకవాసి సందులోంచి. మూత దాదాపుగా మూసే ఉంటుంది. ఇంజన్ లోపలి నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి, ఫిల్టర్ దాటి వచ్చిన సన్నటి దుమ్ము కలిసి ఆ అంచు చుట్టూ నల్లటి జిగురులా పేరుకుంటాయి. సందు మూసుకుపోతుంది. రోడ్డు మీద పోయేటప్పుడు మూత పెద్దగా తెరుచుకుంటుంది కాబట్టి తేడా తెలియదు, ఆగినప్పుడే తెలుస్తుంది. "పోతుంటే మంచిగుంటది, ఆపితే వణుకుతది" అని ఎవరన్నా చెబితే నేను ముందు అక్కడికే పోవడానికి కారణం ఇదే. ఏసీ వేసినప్పుడు కంప్యూటర్ ఇంకాస్త గాలి వదిలి స్లో పెంచాలి. కార్బన్ పట్టిన బాడీలో అది ఆలస్యమవుతుంది. ఆలోపే కంప్రెసర్ బరువు మీద పడి ఇంజన్ కుంగుతుంది, ఎక్కువైతే ఆగుతుంది.

మన దగ్గర ఇది తొందరగా పట్టడానికి కారణాలు కూడా ఉన్నాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు, ఊక, దుమ్ము. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు లారీలు తిరిగే రోడ్లు. వరి కోతలప్పుడు హార్వెస్టర్లు లేపే ధూళి. కంపెనీ పుస్తకంలో ఎయిర్ ఫిల్టర్‌కు రాసిన కిలోమీటర్లు మామూలు రోడ్లకు. దుమ్ము రోడ్లకు అందులోనే వేరే లెక్క ఉంటుంది, చూసుకోండి. ఫిల్టర్ మార్చేటప్పుడు డబ్బా మూత క్లిప్పులు సరిగా పడ్డాయో లేదో మీరే వేలుపెట్టి చూడండి. కొత్త ఫిల్టర్ వేసి మూత వంకరగా పెడితే దుమ్ము పక్కనుంచి నేరుగా లోపలికి పోతుంది.

శుభ్రం చేయించేటప్పుడు దగ్గరుండండి. బానెట్ తెరిచి చూడండి. పెడల్ నుంచి ఉక్కు కేబుల్ వచ్చి థ్రాటిల్‌కు తగిలితే, స్లో గాలికి దాని పక్కన వేరే వాల్వ్ ఉంటుంది. థ్రాటిల్‌తోపాటు ఆ వాల్వ్ దారి కూడా కడగాలి, బాడీ ఒక్కటి తుడిస్తే పని సగమే అయినట్టు. కేబుల్ లేకుండా వైర్ల సాకెట్ మాత్రమే ఉంటే అది ఎలక్ట్రానిక్ థ్రాటిల్. దాని మూతను వేలితో నొక్కి తెరవకూడదు, లోపలి ప్లాస్టిక్ పళ్ల చక్రాలు దెబ్బతింటాయి. బ్యాటరీ నెగెటివ్ తీసి, బాడీ విప్పి, థ్రాటిల్ క్లీనర్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. గరుకు కాగితంతో, స్క్రూడ్రైవర్ మొనతో గీకకూడదు. కొన్ని బాడీల లోపల సన్నటి పూత ఉంటుంది, అది లేస్తే మూత అంచు దగ్గర గాలి ఎప్పటికీ సరిగా ఆగదు. బిగించేటప్పుడు ప్యాకింగ్ చూసుకోవాలి, చితికిపోయి ఉంటే కొత్తది వేయాలి.

స్టాపర్ స్క్రూ ముట్టనివ్వద్దు. కొందరు శుభ్రం చేసే ఓపిక లేక మూత ఆనే చిన్న స్క్రూను తిప్పి స్లో పెంచి పంపిస్తారు. రెండు రోజులు బాగుంటుంది. మూత పూర్తిగా మూసుకుంది అని సెన్సార్ కంప్యూటర్‌కు చెప్పే లెక్క అక్కడితో తప్పిపోతుంది. తర్వాత వచ్చే మెకానిక్‌కు అసలు జబ్బు ఏదో, ఈ స్క్రూ చేసిన జబ్బు ఏదో తేల్చుకోవడం నరకం. కంపెనీలో దాని మీద పెయింటు చుక్క పెడతారు. మీ బండిలో ఆ చుక్క పగిలి ఉందేమో ముందే చూసుకోండి. ప్లగ్గులు మార్చిన షెడ్డులో అదీ తిప్పి ఉండొచ్చు.

శుభ్రం చేశాక స్లో ఎక్కువగా ఉండడం మామూలే. సందు మూసుకుపోయినన్నాళ్లూ కంప్యూటర్ మూతను కాస్త ఎక్కువ తెరవడం నేర్చుకుని ఉంటుంది, ఇప్పుడు దారి సాఫీ అయ్యేసరికి గాలి ఎక్కువ పోతుంది. ఇంజన్ వేడెక్కాక యాక్సిలరేటర్ ముట్టకుండా పది నిమిషాలు ఏసీ లేకుండా, ఇంకో ఐదు నిమిషాలు ఏసీతో అలాగే వదిలేయండి. ఒకటి రెండు రోజులు తిరిగితే సర్దుకుంటుంది. కొన్ని మోడళ్లకు స్కానర్‌తో రీసెట్ కొట్టాలి.

తర్వాత దొంగగాలి. థ్రాటిల్ దాటాక ఎక్కడైనా పైపు చిట్లినా, మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) ప్యాకింగ్ పోయినా కంప్యూటర్ వదలని గాలి లోపలికి చొరబడుతుంది. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. వచ్చే గాలిని ఫిల్టర్ దగ్గరే కొలిచే మాఫ్ సెన్సార్ బండ్లలో ఈ దొంగగాలి లెక్కలోకి రాదు. పెట్రోలు తక్కువై మిస్సింగ్ వస్తుంది, స్కానర్‌లో పీ0171 (పెట్రోలు తక్కువ) కోడ్ కూడా పడొచ్చు. మానిఫోల్డ్ లోపలి ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సార్ బండ్లలో ఆ గాలికి తగ్గట్టు కంప్యూటర్ పెట్రోలూ పెంచేస్తుంది కాబట్టి ముందు స్లో పెరుగుతుంది, లేదా పైకీ కిందికీ ఊగుతుంది. అయితే లీకు ఒక సిలిండర్ దారికి ఆనుకుని ఉంటే ఆ ఒక్క సిలిండర్‌కే గాలి ఎక్కువై అదొక్కటే మిస్సింగ్ కొడుతుంది. అందుకే "కోడ్ లేదు కాబట్టి లీకు లేదు" అనడానికి లేదు.

వెతికే పద్ధతి సులువే. ఇంజన్ స్లోలో ఉండగా సన్నటి పైపులను ఒక్కొక్కటిగా మెత్తటి ముక్కు ఉన్న ప్లయరుతో మెల్లగా నొక్కి పట్టండి. ఏ పైపు నొక్కితే స్లో ఒక్కసారిగా మారి వణుకు తగ్గుతుందో జబ్బు ఆ పైపులో, లేదా అది పోయి కలిసేచోట. ముఖ్యంగా మూడు చూడండి: బ్రేక్ బూస్టర్‌కు పోయే లావు పైపు, ఇంజన్ ఆయిల్ ఆవిరి తీసుకొచ్చే పీసీవీ పైపు, పెట్రోలు ట్యాంకు ఆవిరి తెచ్చే పర్జ్ వాల్వ్ పైపు. బ్రేక్ తొక్కి పట్టినప్పుడే వణుకు ఎక్కువైతే మొదటిది. ట్యాంకు ఫుల్ చేయించి బంకు నుంచి బయటికి రాగానే స్లో ఊగితే మూడోది. ఆ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. కార్బ్ క్లీనర్ కొట్టి లీకు పట్టే అలవాటు చాలా షెడ్లలో ఉంది. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకుంటుంది. నేను స్ప్రే బాటిల్‌లో నీళ్లు పోసి అనుమానం ఉన్నచోట సన్నగా కొడతాను. లీకు మీద నీళ్లు పడగానే బుసబుస శబ్దం మారుతుంది. ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్ మీద, బ్యాటరీ నింపే ఆల్టర్నేటర్ మీద పడకుండా చూసుకోవాలి.

మిర్యాలగూడ అనగానే నాకు గుర్తొచ్చేది ఎలుకలు. అక్కడి రైస్ మిల్లు యజమాని ఒకాయన కారు మీ బండిలాగే స్లోలో ఊగుతూ వచ్చింది. అప్పటికే ప్లగ్గులు, రెండు కాయిల్స్ వేరేచోట మార్చారు. పైనుంచి చూస్తే అంతా కొత్తదే. మానిఫోల్డ్ వెనక, చెయ్యి కూడా సరిగా పట్టనిచోట పీసీవీ పైపు కింది వైపు ఎలుక కొరికేసింది. చిన్న అద్దం, టార్చిలైటు పెడితే తప్ప కనపడదు. పైపు మార్చాం, స్లో నిలబడింది. రాత్రిపూట మిల్లు ఆవరణలో, వడ్ల బస్తాల దగ్గర బండి పెట్టేవాళ్లు వారానికోసారి బానెట్ ఎత్తి ఎలుక పెంటికలు, ఊక, గుడ్డపేలికలు ఉన్నాయేమో చూడాలి. అవి ఇంజెక్టర్ వైర్లు కూడా కొరుకుతాయి. వైరు సగం తెగితే బండి కుదిపినప్పుడల్లా మిస్సింగ్ వస్తూ పోతూ ఉంటుంది.

ఇక మీ బండిలో ఏసీ వేస్తేనే ఎక్కువ అన్నారు కాబట్టి బరువు ఎక్కువైందా, మోసే శక్తి తగ్గిందా అన్నది తేల్చాలి. దానికి ఒక పరీక్ష ఉంది. ఇంజన్ ఆపి, ఏసీ కంప్రెసర్‌ను ఇంజన్ బెల్టుకు కలిపే మాగ్నెట్ క్లచ్ వైరు సాకెట్ ఊడదీయండి. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ బటన్ నొక్కండి. కంప్రెసర్ తిరగదు, కానీ ఏసీ అడిగారని కంప్యూటర్‌కు తెలుస్తుంది, చాలా బండ్లలో స్లో కొంచెం లేస్తుంది. లేస్తే గాలి వదిలే భాగం బతికే ఉంది, ఏసీ వైపే బరువు ఎక్కువైందని అర్థం. అసలు కదలకపోతే థ్రాటిల్ వైపు, లేదా ఏసీ అడిగినట్టు కంప్యూటర్‌కు కబురు పోయే వైరింగ్ వైపు చూడాలి.

ఏసీ వైపు బరువు పెరగడానికి మా షెడ్డులో ఎక్కువగా కనపడే కారణం కండెన్సర్. ముందు జాలీకి ఊక, పురుగులు, దుమ్ము పట్టి గాలి ఆడదు. లేదా ఫ్యాను తిరగదు, తిరిగినా నీరసంగా తిరుగుతుంది. లోపల గ్యాస్ ఒత్తిడి పెరిగిపోతుంది, కంప్రెసర్‌ను తిప్పడానికి ఇంజన్ ఆపసోపాలు పడుతుంది. బండి పోతుంటే ఎదురుగాలి తగులుతుంది కాబట్టి బాగుంటుంది, ఆగితే జబ్బు బయటపడుతుంది. సంక్రాంతికి విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్ దగ్గర వరుసలో నిలబడి బండి ఆగిపోయిందని వచ్చేవాళ్లలో ఇది చాలామందికి ఉంటుంది. ఏసీ వేసి, వణుకుతున్నప్పుడు కండెన్సర్ మీద ముందు వైపు నుంచి మగ్గుతో నీళ్లు పోయండి. వెంటనే ఇంజన్ తేలికైతే జబ్బు అక్కడే. కండెన్సర్‌ను తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగించండి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు పడుకుంటాయి. ఫ్యాను, దాని రిలే చూపించండి. గ్యాస్ మరీ ఎక్కువ నింపినా ఇలాగే అవుతుంది.

ఫౌండేషన్ల సంగతి. తొంభై వేల కిలోమీటర్లు మన రోడ్ల మీద తిరిగిన బండికి ఆ రబ్బర్లు చితకడంలో వింత లేదు. ఏసీ క్లచ్ పట్టినప్పుడు ఇంజన్ ఒక్కసారి పక్కకు ఎగిరి పడుతుందేమో బానెట్ ఎత్తి చూడండి. ఆయిల్ చాంబర్ కింద వెడల్పాటి చెక్క పెట్టి జాకీతో ఇంజన్ బరువు కొంచెం మోయించి చూస్తాం. వణుకు పోతే రబ్బరుదే తప్పు. కొన్నిసార్లు రబ్బరు మంచిదే కానీ క్లచ్ ప్లేట్ మార్చినప్పుడు బోల్టులు ఇంజన్ వంకరగా ఉండగానే బిగించి ఉంటారు. బోల్టులు లూజు చేసి ఇంజన్‌ను సర్దుకోనిచ్చి మళ్లీ బిగిస్తే చాలు, పైసా సామాను అక్కర్లేదు. సైలెన్సర్ పైపు ఎక్కడైనా బాడీకి తగులుతున్నా ఇదే వణుకు వస్తుంది. ఇది చదివే ఆల్టో కే10, వ్యాగన్‌ఆర్ 1.0 వాళ్లకు ఒక మాట: మీవి మూడు సిలిండర్ల ఇంజన్లు, స్లోలో కొంచెం వణుకు పుట్టుకతోనే ఉంటుంది. స్విఫ్ట్‌లో మీ 2014 ఇంజన్ నాలుగు సిలిండర్లది, 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ మూడు సిలిండర్లది. పక్కింటివాళ్ల బండితో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ప్లగ్గులు మార్చారు కాబట్టి అది ముగిసిపోయిందని అనుకోవద్దు. కొత్త ప్లగ్గు చేతిలోంచి జారి కింద పడితే తెల్ల పింగాణీ లోపల సన్నటి చీలిక వస్తుంది, కంటికి ఆనదు, రవ్వ పక్కదారి పడుతుంది. డూప్లికేట్ సామాను మార్కెట్‌లో ఉంది. ఊడదీసిన పాత ప్లగ్గులు అడిగి తీసుకోండి. ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో తెలిస్తే ఇంకా మంచిది. కొన లేత ఇటుక రంగులో ఉంటే ఆరోగ్యం. పొడిగా నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ. తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ కాలుతోంది. తెల్లగా మాడినట్టు ఉంటే పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ. నాలుగూ ఒకేలా ఉంటే జబ్బు ఇంజన్ మొత్తానిది. ఒక్కటే వేరుగా ఉంటే ఆ ఒక్క సిలిండర్‌దే. ప్లగ్గు గుంతలో ఆయిల్ నిలిచిందేమో కూడా చూడాలి. పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ గట్టిపడితే ఆయిల్ ఆ గుంతల్లోకి దిగి కాయిల్ రబ్బరును పాడుచేస్తుంది.

మిస్సింగ్ ఉంటే ఏ సిలిండర్‌దో పట్టడానికి, ఇంజన్ స్లోలో ఉండగా ఒక్కో కాయిల్ మీది చిన్న సాకెట్ తీసి పెట్టి చూస్తాం. తీయగానే ఇంజన్ ఇంకా కుంగితే ఆ సిలిండర్ పని చేస్తోంది. తీసినా తేడా రాకపోతే చచ్చింది అదే. సాకెట్ తీసి ఎక్కువసేపు నడపొద్దు, కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. అలా దొరికిన సిలిండర్ కాయిల్‌ను పక్క సిలిండర్ కాయిల్‌తో మార్చి వేయండి. మిస్సింగ్ కాయిల్ వెంట పక్కకు జరిగితే కాయిల్ పోయింది. ఉన్నచోటే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వరుసగా చూడాలి. కొత్త కాయిల్ కొని ప్రయత్నించే పని లేదు, ఉన్నవాటితోనే తేలిపోతుంది. కొన్ని కాయిల్స్ చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి వేడెక్కాక చస్తాయి, కాబట్టి ఈ పరీక్ష వేడి ఇంజన్ మీదే చేయాలి.

చెక్ లైటు వెలగలేదు కాబట్టి స్కానర్ అక్కర్లేదని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. లైటు దాకా రాని పెండింగ్ కోడ్లు లోపల ఉండొచ్చు. పీ0300 అయితే సిలిండర్ తేలని మిస్సింగ్. పీ0301 నుంచి పీ0304 వరకు చివరి అంకె సిలిండర్ నంబరు. పీ0506 స్లో తక్కువ, పీ0507 స్లో ఎక్కువ. ఒకవేళ ఎప్పుడైనా ఆ లైటు మిణుకుమిణుకుమని కొట్టుకుంటుంటే బండి పక్కకు ఆపేయండి. మిస్సింగ్ కన్వర్టర్‌ను కాల్చే స్థాయికి చేరిందని దాని అర్థం.

కోడ్లకంటే నాకు ఎక్కువ పనికొచ్చేవి లైవ్ అంకెలు. స్టీరింగ్ కింద సాకెట్‌కు పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోన్‌లో కనపడుతుంది. మ్యాప్ అంకె చూడండి. కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకముందు అది బయటి గాలి ఒత్తిడి చూపాలి. మన వైపు ఊళ్లలో దాదాపు 95 నుంచి 100 కిలోపాస్కల్ మధ్య ఉంటుంది. దీనికి చాలా దూరంగా ఉంటే సెన్సారే అబద్ధం చెబుతోంది. ఇంజన్ వేడెక్కి స్లోలో ఉన్నప్పుడు 28 నుంచి 40 మధ్య ఉంటే ఆరోగ్యం. 50 దాటిందంటే దొంగగాలి, వాల్వ్ జబ్బు, టైమింగ్ తేడా ఇలాంటివి వెతకాలి. ఇంజన్ వేడి 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే బండి ఎప్పుడూ చలిలోనే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. బ్యాటరీ వోల్టేజీ ఏసీ, లైట్లు వేసినా పదమూడున్నర దగ్గర ఉండాలి. అది పడిపోతుంటే ఆల్టర్నేటర్, ఇంజన్ ఎర్త్ వైరు చూపించండి.

పెట్రోలు గురించి అందరూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20. మీ 2014 బండి దానికోసం తయారైంది కాదు. కానీ ఆక్సిజన్ సెన్సార్ మంచిగా ఉంటే కంప్యూటర్ పెట్రోలు కొంచెం పెంచి సర్దుకుంటుంది, ఈ20 ఒక్కదానివల్లే ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ సిగ్నల్ దగ్గర ఆగిపోదు. అసలు సమస్య నీళ్లు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కొద్ది నీళ్లు కరిగిపోతాయి, హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి, పంపు గుంజేది అక్కడి నుంచే. కొంచెం పెట్రోలు తెల్లటి గాజు సీసాలోకి తీసి కదలకుండా ఉంచండి, అడుగున వేరే పొర కనపడితే ట్యాంకు కడిగించాలి. వానకాలం ఒకే వారంలో రెండు మూడు బండ్లు ఇదే జబ్బుతో వస్తే నేను ముందు అడిగేది ఎక్కడ పోయించారనే.

పిల్లలు అమెరికాలో ఉండి, కారు ఇంటి ముందు కవరు కప్పి పెట్టిన పెద్దవాళ్లు మన ఊళ్లల్లో చాలామంది ఉన్నారు. వారానికోసారి పది నిమిషాలు నిలబెట్టి స్టార్ట్ చేస్తారు. దానివల్ల ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, తేమ పోదు, ప్లగ్గులకు మసి పడుతుంది, బ్యాటరీ కూడా నిండదు. పది పదిహేను రోజులకోసారి ఎవరినైనా తోడు పెట్టుకుని నల్గొండ నుంచి నార్కట్‌పల్లి దాకా తోలుకుని రండి, అది చాలు.

పైన చెప్పినవన్నీ సరిగా ఉండి, ఒకే సిలిండర్ మిస్సింగ్ కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్ మార్చి చూసినా పోకపోతే, అప్పుడు కంప్రెషన్. ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీయాలి, పెట్రోలు పంపు ఫ్యూజు తీయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ఒక్కో సిలిండర్‌కు ఐదారు తిప్పులు సెల్ఫ్ కొట్టాలి. థ్రాటిల్ తెరవకుండా చూస్తే అన్నీ తక్కువే చూపిస్తాయి, దాన్ని చూపించి ఇంజన్ విప్పాలంటే ఒప్పుకోవద్దు. ఇలాంటి ఇంజన్లలో 150 పీఎస్‌ఐ పైన, నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే మీ ఇంజన్‌కు ఢోకా లేదు. ఒకటి మిగతావాటికంటే పదిహేను శాతానికి మించి తగ్గితే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె లేస్తే రింగులు, లేవకపోతే వాల్వులు లేదా హెడ్ ప్యాకింగ్. వాల్వ్ జబ్బు కూడా రోడ్డు మీద పోయేటప్పుడు దాక్కుని స్లోలోనే కనపడుతుంది, అందుకే మీ బండికి అది అసలు కాదని నేను ఇక్కడి నుంచి చెప్పలేను. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్టు బిగించిన బండ్లకు ట్యాపెట్ సందు బిగుసుకుపోయి వాల్వ్ పూర్తిగా మూసుకోకపోవడం ఎక్కువ. మీ బండికి కిట్టు ఉందో లేదో రాయలేదు, ఉంటే దీన్ని ముందుకు జరపండి.

డీజిల్ బండ్ల వాళ్లకు ఇదంతా పూర్తిగా వర్తించదు. వాళ్లు ముందు డీజిల్ ఫిల్టర్ దగ్గర గాలి చొరబడుతోందా, పొగను కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసితో ఇరుక్కుందా, ఇంజెక్టర్ల నుంచి వెనక్కి పోయే డీజిల్ (రిటర్న్) సమంగా ఉందా అని చూసుకోవాలి. రవ్వ కొట్టే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ వాటికి ఉండవు.

సోదరా, మీరు ముందు బానెట్ ఎత్తి థ్రాటిల్‌కు కేబుల్ ఉందా లేదా, స్టాపర్ స్క్రూ పెయింటు చుక్క పగిలిందా చూసి ఇక్కడే రాయండి. వేడి ఇంజన్ మీద ఏసీ లేకుండా ముల్లు ఎంత చూపుతోంది, మాగ్నెట్ క్లచ్ వైరు తీసి ఏసీ బటన్ నొక్కితే లేచిందా, పాత ప్లగ్గులు దొరికితే వాటి ఫోటో, అడాప్టర్ ఉంటే కీ ఆన్‌లో, స్లోలో మ్యాప్ అంకెలు. ఇవి వస్తే ఆ తర్వాత ఏది విప్పాలో చెబుతాను. అప్పటిదాకా రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఏసీ కట్టేసుకోండి, బండి ఆగిపోతే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టి బ్యాటరీని పాడుచేసుకోవద్దు.